చిలకకు రేటు లేదు

శామీర్‌పేట దాటి, రింగురోడ్డు కింద నుంచి దూరి,
కోళ్ల ఫారం వాసన తగిలాక ఎడమకు తిరిగితే
కథలకోట.
బోర్డు మీద 'క' రాలిపోయింది.
థలకోట, అని చదివాడు ఆటో అతను,
ఇదేం ఊరమ్మా అన్నాడు.

నిన్న ఖుద్దూస్ ఫోన్ చేశాడు.
మౌలాలిలో తుక్కు దుకాణం.
జెయింట్ వీల్ కోసినం, రైలు కోసినం,
మాంత్రికుణ్ణి మూడు ముక్కలు చేసినం,
ఒక చిలక ఉంది ఆపా,
తీగ తగిలినప్పుడల్లా మాట్లాడతది,
పిలగాండ్లు భయపడి పని బంద్ పెట్టిండ్రు.
గేటు కాడి నర్సింలు మీ నంబరిచ్చిండు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు.
టికెట్ కిటికీలో కూర్చునేదాన్ని.
పెద్దలకు ఎనభై, పిల్లలకు యాభై,
మూడడుగుల లోపు ఉచితం.
గోడ మీది గీత దగ్గర తల్లులు
పిల్లల మోకాళ్లు మెల్లగా వంచి నిలబెట్టేవాళ్లు.
నేను చూడనట్టే చూసేదాన్ని.

ఒక సోమవారం మేనేజర్ కాగితం ఇచ్చి
చిలకలా చదువు అన్నాడు.
జనరేటర్ గదిలో, దుప్పటి ముసుగేసుకుని, మూడుసార్లు.
మూడు వందలు ఇచ్చారు.
సుల్తాన్ బజార్‌లో అమ్మకు చెప్పులు కొన్నాను,
నాకొక చున్నీ.

ఆ రోజు నుంచి పన్నెండేళ్లు
మాంత్రికుడి ప్రాణం నా గొంతులో ఉంది.
జీతం మాత్రం టికెట్లకే.

*ఏడవకు నాన్నా, వాడు నిన్నేమీ చేయలేడు.
వాడి ప్రాణం నా దగ్గరుంది.
నా రెక్క నొక్కు.*

నొక్కేవాళ్లు.
ఏడు సముద్రాల అవతల,
అంటే ఏడు సిమెంటు తొట్ల అవతల,
మాంత్రికుడు పొగ వదిలి వెనక్కి పడేవాడు.
మళ్లీ లేచేవాడు.
కరెంటు పోతే చావు మధ్యలో ఆగిపోయి
నడుం వంచుకుని ఎదురుచూసేవాడు.

ఎందుకు మూసేశారో తెలియదు.
అప్పులన్నారు కొందరు, భూమి కేసన్నారు కొందరు.
నాకు రావలసిన రెండు నెలల జీతం
ఏ చెట్టు తొర్రలో దాచారో
ఏ రాకుమారుడూ వెళ్లి తేలేదు.

ఇప్పుడు లోపల తంగేడు పూసింది.
రాకుమారి పల్లకిలో కుక్క ఈనింది.
ఆరు సముద్రాలు ఎండిపోయాయి.
ఏడోదాంట్లో కాస్త వాననీళ్లు,
ఒంటి చెప్పు ఒకటి, చిన్నది.

ఖుద్దూస్ కాటా ముందు కూర్చున్నాడు.
ఇనుము ఒక పక్క, రాగి తీగ ఒక పక్క.
చిలకను ఒంటిచేత్తో ఎత్తి విడిగా పెట్టాడు.
ఫైబర్‌కు రేటు లేదు ఆపా.
తీగ తగిలించాడు.

నా గొంతు.
నీళ్ల ట్యాంకర్ వెనక పరిగెత్తి అరవని గొంతు,
రేషన్ షాపులో రోజంతా పేర్లు పిలవని గొంతు,
ఆసుపత్రి వరండాలో ఎవర్నీ
వెళ్లొద్దని బతిమాలని గొంతు.

చెవులు మూసుకున్న పనిపిల్లాడు
చిలకను చూశాడు, నన్ను చూశాడు.
నువ్వేనా? అన్నాడు.
అవును అనబోతే గరగర వచ్చింది.
తలూపాను.

చిలక పొట్ట కోసి, అరచేతంత పెట్టె తీసి
బ్యాటరీతో సహా ఇచ్చాడు ఖుద్దూస్.
పైసల్ వద్దన్నాడు.
బియ్యం సంచిలో వేసుకుని బస్సెక్కాను.

తూంకుంట దగ్గర గుంత.
సంచి మాట్లాడింది.
*ఏడవకు నాన్నా, వాడు నిన్నేమీ చేయలేడు.*

బస్సంతా నన్నే చూసింది.
కండక్టరమ్మ చేతిలో మిషను
సగం టికెట్ కక్కి ఆగింది.
ముందు సీట్లో, మెడలో కాలేజీ కార్డుతో
ఎక్కినప్పట్నుంచీ కిటికీకి ముఖం ఆనించుకున్న కుర్రాడు మాత్రం
తిరిగి చూడలేదు.
వాడి భుజాలు రెండుసార్లు కదిలాయి.

రెక్క మాట ఇంకా మిగిలే ఉంది, పెట్టెలో.
లోతుకుంట దాకా రోడ్డు అద్దంలా ఉంది.
నున్నటి రోడ్డు మీద
జీవితంలో మొదటిసారి
నాకు కోపం వచ్చింది.