చుక్క జరిగితే

రాత్రి తొమ్మిదింపావు.
ఫిషింగ్ హార్బర్ నుంచి డీజిలూ ఎండుచేపా కలిసిన గాలి
ల్యాబు కిటికీ సందులోంచి దూరుతోంది.
కోరుపోలు జగ్గారావు గారు నా కుర్చీ పక్కనే నిలబడ్డారు,
బెల్లం పాకం గొంతుతో.

"ఏటమ్మా కనకమాలచ్చీ, నువ్వు పెట్టిన సంతకమే కదా,
అవతలోళ్ళ కంప్యూటరు చెల్లదంటాదేటి?"

చెల్లదు మరి.
నిన్న సాయంత్రం నేను పంపినప్పుడు
రొయ్యల్లో మందు అవశేషం మూడు పాయింట్ ఒకటి.
తెల్లారేసరికి సున్నా పాయింట్ మూడు ఒకటి.
చుక్క ఒక్క గడి ఎడమకు జరిగింది.
అంతే.

మా తాత గరికిన పోలయ్య
జాలారిపేట ఒడ్డున తెప్ప దుంగ మీద
నిలువుగా మూడు గాట్లు, అడ్డంగా ఒకటి చెక్కేవాడు.
అదే ఆయన పేరు, అదే ఆయన పట్టా.
ఎవడి కత్తికైనా వచ్చే గాట్లు.
ఒకసారి పక్కింటోడు చెక్కేసుకున్నాడు కూడా.
పంచాయితీ మూడ్రోజులు నడిచింది.
దుంగ మాత్రం నోరు విప్పలేదు.

నాది అలాంటి గుర్తు కాదు సార్, అన్నాను.
కాగితం చివర అంటించేది కాదు, కాగితంలోంచే పుట్టేది.
శీతల గిడ్డంగిలో పదకొండు రోజులు, నిమిషానికొక రీడింగు,
పదిహేను వేల ఎనిమిది వందల నలభై అంకెలూ
నలిగి, చిలికి, అరవై నాలుగు అక్షరాలవుతాయి.
అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు పట్టి చూడటం కాదిది.
అడుగున ఏ మెతుకు మారినా
కుండ పేరే మారిపోతుంది.
ఆ పేరు మీద వేస్తాను నా తాళం.
అవతలివాళ్ళు కుండంతా దేవి చూడక్కర్లేదు,
రెండు పేర్లు పక్కపక్కన పెడితే చాలు,
రెప్పపాటు.

వేసే తాళంచెవి ఈ నీలం టోకెన్ కడుపులో ఉంది,
బయటికి రాదు, నాకూ కనబడదు.
తీసే తాళంచెవి మాత్రం ఊరంతా పంచేశాను,
పూర్ణా మార్కెట్లో చీరల దుకాణం కరపత్రంలా.
ఎవరైనా తీసి చూడొచ్చు.
వేయగలిగేది నేనొక్కదాన్నే.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు.
"సరేగానీ తల్లీ, పొద్దుపోయింది.
ఆ టోకెన్ ఇక్కడెట్టి ఎల్లిపో.
పిన్ను ఓ చీటీ మీద రాసియ్యి."

దస్తావేజుల్లో ఇంకా రాస్తారు కదా, చేవ్రాలు అని.
రాసే చెయ్యి ఎప్పుడో మాయమైంది,
మాటలో మాత్రం మిగిలింది అనుకునేదాన్ని.
ఇప్పుడు దాన్నే
మణికట్టు దగ్గర కోసి బల్ల మీద పెట్టి పొమ్మంటున్నారు.

టోకెన్ పీకి టిఫిన్ బాక్సులో వేశాను,
చింతకాయ పచ్చడి వాసనలో.
మూత బిగించాను.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర బస్సు ఖాళీ అయ్యింది.
కిటికీ లోంచి డాల్ఫిన్ కొండ,
దాని మీద దీపం వెలిగి, ఆరి, వెలిగి.
తాత గొల్లకావడి చుక్కల్ని చూసి దారి పట్టేవాడు.
చుక్క జరిగినట్టు కనబడితే
జరిగింది చుక్క కాదే పిల్లా, పడవ, అనేవాడు.

గెలిచినట్టుండాలి నాకు.
లేదు.

పోయిన కార్తీకంలో మిషన్ మొరాయించిన రోజు,
లారీ గేటు దగ్గర హారన్ కొడుతుంటే,
నమూనా నడపకుండానే
ముందురోజు అంకెని ఆ రోజు గడిలో రాసి
సంతకం పెట్టాను.
దాన్ని ఎక్కడ తెరిచినా ఇప్పటికీ పచ్చ టిక్కే.
ఒక్క అక్షరం చెదరలేదు, ఒక్క చుక్క జరగలేదు.
నేను చెప్పింది చెప్పినట్టే ఉందని,
చెప్పింది నేనేనని,
ఏ రేవులో ఎవరడిగినా
అలుపు లేకుండా సాక్ష్యం చెబుతూనే ఉంది.