ఇంగ్లీషు బీరువా

ఎనభయ్యారు ఆగస్టు.
వశిష్ఠ గట్టు తెగిన మూడోనాడు
మా కాలేజీ లైబ్రరీకి నాటుపడవ మీద వెళ్ళాం.
కిటికీ చువ్వల మధ్య ఇరుక్కున్న డిక్షనరీ ఒకటి
ఉబ్బిన తాబేలులా మావైపే చూస్తోంది.

అటెండరు అహరోను ముందు దిగాడు, మొలలోతు నీళ్ళలోకి.
"ఇంగ్లీషు బీరువా తలుపు రావట్లేదండి మేడం గారూ,
లోపల పుస్తకాలు పొంగి పట్టేసుకున్నాయండి, ఆయ్."

నాకు ఇరవయ్యారేళ్ళు. ఉద్యోగం కొత్త.
శతాబ్దాలన్నిటినీ వరసలో నిలబెట్టి
అరఅరకీ లేబులంటించి నెల్లాళ్ళు కాలేదు.
గునపంతో తలుపు పెకలిస్తే
లేబుళ్ళే ముందు బయటికొచ్చాయి, తేలుకుంటూ.
పునరుజ్జీవనం అని నా దస్తూరీతో ఉన్న కాగితం మీదికి
చీమలు గుంపుగా ఎక్కేశాయి.

ఎండ కాసింది. డాబా మీద పట్టాలు పరిచాం.
తడిసిన ధాన్యం తిరగబోసేవాడిలా అహరోను
గంటగంటకీ పేజీలు మార్చేవాడు.
కొన్నిటిని చెవిదగ్గర పెట్టుకుని ఊపి చూసేవాడు,
లోపల ఇంకా నీళ్ళున్నాయేమోనని.

"ఈ లావుపాటియ్యి ఎవరియ్యండి? పీపాడు తాగాయి."
విక్టోరియా రాణి కాలం నాటివి, అన్నాను.
నెలకింతని పత్రికల్లో పంచిన నవలలు,
పొగగొట్టాలు, అనాథపిల్లలు, ఆఖర్న ఎక్కణ్ణుంచో ఓ ఆస్తి.
"ఆస్తి వొచ్చేదాకా ఇంత లావూ సదవాలాండి!"
వాటిని గోడవార నిలబెట్టాడు,
రేషను షాపు ముందు జనంలా.

రొమాంటిక్ కవులకి పచ్చగా బూజు పట్టింది.
కొండలూ కొలనులూ వెతుక్కుంటూ పోయినవాళ్ళు,
ఏరే ఇంట్లోకొస్తే ఏం రాసేవారో.
వీళ్ళలో కొందరు ముప్ఫై నిండకుండానే పోయారు, అన్నాను.
అహరోను ఏమీ అనలేదు.
ఆ నాలుగు పుస్తకాల్నీ ఎండలోంచి నీడకి జరిపాడు.

ఇమేజిస్టుల సంకలనంలో ఓ పేజీకి నత్త అతుక్కుంది.
తియ్యలేదు. వాళ్ళయినా తియ్యరు.

ఆధునికులు తొందరగా ఆరారు.
కుట్టు ఊడి కాగితాలు కలిసిపోతే
మళ్ళీ వరస పెట్టడం నావల్ల కాలేదు,
అసలే ముక్కలుగా రాశారు మహానుభావులు.
యుద్ధం తర్వాత లోకం వాళ్ళకలా కనిపించిందని
క్లాసులో నోట్సు చెప్పేశాను, ముందువారమే, గడగడా.
ఇప్పుడు డాబా మీంచి లంకలవైపు చూస్తే
కప్పు లేని ఇల్లు
చింతకొమ్మకి వేలాడుతున్న మంచంకోడు
ఎవరిదో ఒంటి చెప్పు.
వాక్యం ఎక్కడ విరుగుతుందో
నాకు నోట్సులో లేదు.

అమెరికా వాళ్ళు అట్టడుగు అరలో.
ఆప్షనల్ పేపరే కదా అని నేనే పెట్టాను.
అందరికంటే ఎక్కువ నానింది వాళ్ళే.
అట్ట పోయిన పుస్తకం ఒకటి రెండు చేతులా పట్టుకుని
"ఇదేంటండి?" అన్నాడు.
బానిసగా పుట్టినవాడు
దొంగతనంగా అక్షరాలు నేర్చుకుని రాసుకున్న బతుకు, అన్నాను.
"ఎవరు నేర్పారండి?"
నేర్పితే నేరం అక్కడ, అప్పట్లో.

పేజీ తిప్పుతున్న చెయ్యి ఆగింది.
వాళ్ళ తాత సంగతి చెప్పాడు:
మునసబు గారి అరుగుకి దూరంగా గడ్డిమోపుతో నిలబడి
పైన పిల్లలకి చెప్పే గుణింతం
కొబ్బరీనెతో ఇసకలో దిద్దుకునేవాడట.
ఎవరన్నా వస్తుంటే కాలితో చెరిపేసేవాడట.
"ఒత్తులు పూర్తిగా రాలేదండి ఆయనకి.
రాసినియ్యి కంటే చెరిపేసినియ్యే ఎక్కువ."

వరదలో నష్టమైన పుస్తకాలు నూట పదకొండు
అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టాను.
నిజానికి నూట పది.
ఆ ఒకటి అహరోను సంచిలో వెళ్ళడం
నేను చూశాను, తను చూశాడు,
అన్నం డబ్బా కింద.

బీరువా మళ్ళీ సర్దింది అతనే. నేను లేబుళ్ళు రాయలేదు.
అమెరికా వాళ్ళు పైఅరకెక్కారు.
నవలలన్నీ కిందికి.
"ఇదేం వరసయ్యా?"
"మళ్ళీ వరదొస్తే ఉపాయం ఉండొద్దాండి?
ఈళ్ళు ఎంతయినా తాగగలరు."