కాళ్ల రంగు

ఫోటో పంపాను. టీ చల్లారకముందే
పేరొచ్చింది, ముగ్గురి దగ్గర్నుంచి, ఒకటే పేరు.
చిల్లరలా జేబులో వేసుకున్నాను.

కట్టమీద ఎదురైంది యెల్ట్యె ముసలమ్మ.
"కాళ్లు ఏ రంగు, సీట్సె?"
చూళ్లేదు.
"మడిచిన రెక్క తోక మీద ఎందాకా వచ్చింది?"
చూళ్లేదు.
"మరేం చూశావు?"

వాడెన్ సముద్రం వెనక్కి పోతోంది,
బురద నిండా సన్నకాళ్ల గీతలు వదిలి.
ఆమె తన నోటుబుక్కు తీసింది, అట్ట ఉప్పుగాలికి ఉబ్బిపోయింది.
ఏప్రిల్, డెబ్బై ఒకటి: పేరు తెలీదు. కనుబొమ్మ వెలిసిన పసుపు.
తోక మాటిమాటికీ కిందికి విదిలిస్తుంది.
తర్వాత ఏడు పేజీలూ అదే పిట్ట.
ఎనిమిదో పేజీలో ఒక పేరు, కొట్టేసి.
దాని కింద ఇంకోటి.

"వాళ్లు మంచివాళ్లే," అన్నాను, "అడిగితే లేదనరు."
"అదేరా," అంది, "ఆకలి వేయనివ్వరు."

పొద్దున్నే ముళ్లపొదలో అదే కదలిక.
కెమెరా సంచిలోనే ఉంది. మోకాళ్లు తడిసిపోయాయి.
నలుపే అనుకుంటా.
కాదు, కొమ్మ నీడేమో.
తోక కిందికి, అవును, కిందికే...
ఎగిరిపోయింది.

రేపు ఆరింటికల్లా రావాలి.
ఎండ అటువైపు నుంచి పడేప్పుడు.