చర్మం బిగిసేదాకా

బూజీ నది ఒడ్డున
మా మందిరానికి నాలుగు స్తంభాలు మిగిలాయి.
పైకప్పు ఎవరి పొలంలో పడిందో
ఇంకా కబురు రాలేదు.
బల్లలు లేవు, బలిపీఠం లేదు.
గంట మాత్రం బురదలో దొరికింది,
నోటినిండా మట్టితో.

ఉపదేశి అమాన్సియో
విరిగిన తలుపుచెక్కలు పోగేసి మంటేశాడు.
మంట పక్కన డోలు.
నీళ్లు తాగి ఉబ్బిన మేకతోలు,
కొడితే తడి గోనెసంచిని కొట్టినట్టు
చప్... అంతే.

అది మా ఆయన ఎర్మెలిందో డోలు.
పదహారేళ్లు ఆయన మోకాళ్ల మధ్యే ఉంది.
ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో
నదికి తెలుసు, దేవుడికి తెలుసు.
ఇద్దరూ నాకు చెప్పరు.

నేను పాడటానికి రాలేదు.
బేయిరా నుంచి మొక్కజొన్నపిండి వస్తుందంటే వచ్చాను.
అబద్ధమాడను ప్రభూ,
నీతో అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

పక్కన దెయోలిందా.
మామిడిచెట్టు మీద ఆ రెండు రాత్రులూ
నా మడమ పట్టుకుని వేలాడింది ఈమే.
చెట్టు మీద మేం తొమ్మండుగురం,
ఒక పాము (మా జోలికి రాలేదు,
దానికీ ప్రాణభయమే),
ఒక కోడి.
కింద నీళ్లు. రేకులు, కుండలు, ఎవరివో దుప్పట్లు...
చూడలేక కళ్లు మూసుకున్నవి కొన్ని,
చూసీ చెప్పలేనివి కొన్ని.

రెండో తెల్లవారుజామున
ఆ కోడి గుడ్డు పెట్టింది.
కొమ్మల సందులో, జెఫెరీనో తాత టోపీలో.
పెట్టి, లోకంలో ఇంకేమీ జరగనట్టు
ఊరు లేని ఊరంతటికీ చాటింది.

ముందెవరు నవ్వారో తెలీదు.
తాత అనుకుంటా. తర్వాత దెయోలిందా.
తర్వాత నేను.
మొగుడు కొట్టుకుపోయి ఇరవై గంటలు కాలేదు,
నేను నవ్వాను.
పొట్ట పట్టుకుంటే పడిపోతానని
చెట్టును కావలించుకుని మరీ నవ్వాను.
చెట్టు ఊగింది. కోడి తిట్టింది.

ఆ నవ్వును ఇన్నాళ్లూ
దొంగసొత్తులా కపులానా చెంగున ముడేసి దాచాను.
పాపసంకీర్తనంలో కూడా విప్పలేదు.

ఇవాళ అమాన్సియో బైబిలు తెరిచాడు.
తడిసి ఆరిన పుస్తకం.
యోబు చివరి పేజీలు
కీర్తనల మొదటి పేజీలకు అంటుకుపోయాయి.
విడదీస్తే చిరిగేలా ఉన్నాయి.
గోరుతో కాసేపు గీకి చూసి
ఏం చదవాలో తెలీక ఊరుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో
డోలు తనంతట తాను 'టక్' మంది.

తోలు బిగుస్తోంది.
ఎర్మెలిందో అనేవాడు:
మరీ దగ్గరైతే కాలిపోతుందే,
మరీ దూరమైతే పలకదే,
పక్కనే కూర్చుని తిప్పుతూ ఉండాలి.
ఆయన తిప్పేవాడు. నేను వేరుసెనక్కాయలు ఒలిచేదాన్ని.

లేచాను.
ఆడది డోలు ముట్టడమేంటని ఎవరో గొణిగారు.
తుఫాను ఆడా మగా చూసిందా?
మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను.
వెచ్చగా ఉంది,
ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన కుర్చీలా.

మొదటి దెబ్బ ఏడుపే.
రెండోదీ.
మూడో దెబ్బకి దెయోలిందా కాలు కదిలింది.
ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి,
ఆ కాలికింకా కట్టు ఉంది,
ఆ కాలే ముందు కదిలింది.

నాలో ఆనందం ఉందని కాదు ప్రభూ.
నా దగ్గరేమీ లేదు, నువ్వే వెతికి చూసుకో.
అదే వచ్చింది,
పిలవకుండా, బురదకాళ్లతో,
ఆ కోడిలాగే
వేళాపాళా లేకుండా.

పిండిలారీ మధ్యాహ్నం వచ్చిందట,
నా పేరు మూడుసార్లు పిలిచారట.
వినపడలేదు.
నా సంచి దెయోలిందా మోసుకొచ్చింది, కుంటుకుంటూ.

రాత్రి వాచిన అరచేతులు నీళ్లలో ముంచుకుని
చాలాసేపు ఏడ్చాను.
రేపు తాటాకులు కోయాలి,
కప్పుకి.