ఒంటి పిలక

రాత్రి డ్యూటీ దిగి, కొండ నుంచి వచ్చే తొలి బస్సుకే
కొర్లగుంట సందులోని మా ల్యాబుకొచ్చింది కుప్పమ్మ.
చీర కుచ్చిళ్లలో ఇంకా
ఏ ఊరివో, ఎవరివో వెంట్రుకలు.

"వేళ్లుండాయి సామీ, కానీ లేవు.
నీళ్లు వేడో సల్లనో బొటనేలు చెప్పదు.
అరికాళ్ల కింద ఎప్పుడూ దూది.
మొన్న ఒక బిడ్డ నెత్తిన ఎర్రగా చుక్క లేసింది.
పదేడేండ్లలో అదే మొదటిది."

గాజుపలక మీద ఆమె నెత్తురు.
చీలాల్సిన వేళకు లోపలి రాత పూర్తికాక
కోడిగుడ్లలా ఉబ్బిన ఎర్రకణాలు.
ఒక తెల్లకణం నడిబొడ్డున తమ్మెలు లెక్కపెట్టాను:
ఆరు.
మళ్లీ లెక్కపెట్టాను.

కొండమీద పని దొరికిన రోజే
గుడ్డూ సియ్యలూ మానేసిందట.
పాలంటే టీలో పడే చుక్కే.
పైన పదకొండేళ్లుగా షుగరు మాత్ర.
కాలేయం మూటగట్టి దాచిన పన్నెండో బి
పైసా పైసాగా కరిగి
ఇప్పుడు గుడ్డపీలిక మిగిలింది.

దీన్ని ఏ చెట్టూ కాయదు.
పుంగనూరు ఆవుకూ చేతకాదు,
దాని పొట్టలో కాపురముండే
కంటికానని పురుగులకే ఆ వంట తెలుసు.

ఆమెకెలా చెప్పను?
నాలుగు నత్రజనులు చుట్టూ చేరి పట్టుకున్న
ఒకే ఒక్క కోబాల్టు, అమ్మా.
దాని నెత్తిన చిన్న పిలక:
ఒక కార్బను, మూడు హైడ్రోజన్లు.
అడిగినవాడికి ఆ పిలక ఇచ్చేసి
గుండుతో నిలబడుతుంది.
ఫోలేటు వచ్చి ఇంకో పిలక పెడుతుంది.
అదీ ఇచ్చేస్తుంది.
మొక్కు లేదు, ముడుపు లేదు.
ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఆగితే
నరాల మీది తొడుగు
పాత కరెంటు తీగలా ఊడిపోతుంది.

కుప్పమ్మ పకపకా నవ్వింది.
"నా లోపల గూడా కల్యాణకట్టే నడస్తాందా?
మరి టోకెను ఎవురిస్తారు?"

నవ్వులాటకే అడిగింది గానీ, ఉంది.
పొట్ట టోకెనిస్తుంది.
చిన్నపేగు చివరి గేటులో అది చూపిస్తేనే లోపలికి.

ఆమెకు డాక్టరు ఆ క్యూ వద్దన్నాడు.
కాంపౌండరు నాదముని సూదిలోకి లాగిన మందు
దానిమ్మరసం రంగు.
"నెత్తురా?" అంది, మొహం తిప్పుకుని.

ఏడో వారం మళ్లీ వచ్చింది.
కూర్చోకుండానే చెప్పింది:
"రాత్రి ఒక ముసలాయన నెత్తి తడిపితే
బొటనేలుకి సురుక్కుమనింది.
జొరమొచ్చింది తాతా, ముందు ఆసుపత్రికి పో అన్నా."

చిటికెనవేలు?

దాన్ని గాజుపలక అంచున ఆనించి
కాసేపు చూసింది.
"అది ఇంకా పలకడంలా."