తేదీ జాగ

పరకాల తొవ్వల బాయిల్డు మిల్లు.
దాని పొడుగు ప్రహరీ మీద
నేను ఏడు మాటలు రాయాలె.
మేనేజరు అచ్చు కాయితం ఇచ్చిండు:
పైన "మా పర్యావరణ నిబద్ధత",
అడుగున సేటు పేరు, పేరు కింద తేదీ.
పెద్దక్షరానికి ఒక రేటు, చిన్నదానికి ఒక రేటు,
ఒత్తులకు పైసల్ లేవన్నడు.
నిబద్ధతకున్న ఒత్తు
ఉత్త పుణ్యానికే రాసిన.

తెల్ల ఎనామిలు కొట్టిన పొద్దుగాల
గోడ పాలపొంగు లెక్కున్నది.
పదకొండింటికి చూస్తే ఊక బూడిద.
లైటు కింద ఉసిళ్ల తీరు
తడి రంగు మీద వాలి
ఇగ లేవది.
గుడ్డతోని తుడిస్తే తోక గీసుకుంట పోయింది.
మల్ల రంగు. మల్ల బూడిద.
మూడో దినం
"గాలిని కాపాడుట మా ధర్మం" అన్న కాడ
మిరియాలు దంచి చల్లినట్టయింది.

వీరమల్లు సేటు వచ్చి నిలవడ్డడు.
చెడ్డ మనిషని అనలేను.
బడికి బెంచీలిచ్చిండు, వాటి మీద పేరు నేనే రాసిన.
మంచినీళ్ల ప్లాంటు పెట్టిచ్చిండు,
దాని మీద పేరు సుత నేనే రాసిన.
చిటికెన వేలి గోరుతోని గోడను గీకి
ఆ గోరును చానాసేపు చూసుకున్నడు.
"ఎల్లుండి బియ్యం కొనేటోళ్లు తనిఖీకి వస్తరు.
రంగు ఆరేదాక బాయిలర్ బంద్ పెట్టుండ్రి."

ఆ దినం సంగతి చెప్పాలె.
పొగగొట్టం ఉత్త గొట్టమైంది.
నానిన వడ్ల పులుపు వాసన
పగటాల్లకు సన్నబడ్డది.
ఏదో పోగొట్టుకున్నట్టు
ఒకల మొఖం ఒకలం చూసుకున్నం.
గోడకెదురింటి ఓదెమ్మ
పాత చీర పరిచి
సగ్గుబియ్యం వడియాలు పెట్టింది.
నాలుగెండకాలాల సంది పెట్టలేదట.
పొద్దూకంగ ఒకటి పెరికి నోట్లేసుకున్నది,
కండ్లు మూసుకొని నమిలింది.
"పండ్ల కింద ఇసుక లేదు బిడ్డా" అన్నది,
మైసూరుపాకు తిన్న మొఖంతోని.

"గింతకూ ఏం రాస్తున్నవు?"
ఏడు మాటలూ చదివి ఇనిపిచ్చిన.
జర ఆలోచన చేసింది.
"మంచిగున్నయి గని,
దినానికి ఒక్కక్షరమే రాయరాదు?"

గేటు కాడ హమాలీ బక్కయ్య నవ్వలే.
"అవ్వా, బాయిలర్ బందైతే నా కూలి బంద్.
నిన్న బస్తాలు మోసిన,
ఇయ్యాల నా చేతులు నేనే మోసుకుంట కూసున్న."
ఓదెమ్మ నోట్ల వడియం అట్లనే ఆగింది.
ఇద్దరికీ చెప్పెటందుకు నా దగ్గర ఏముంది,
కుంచె కొసకు నీలం రంగు తప్ప.

చీకటి పడంగ సేటు మల్లొచ్చిండు.
మొబైల్ లైటు ఏసి
పరీక్ష కాయితం దిద్దినట్టు చదివిండు.
"బూడిద పట్టే మిషిన్‌కు నలభై లక్షలు.
నీ గోడకు నలభై వేలు."
నాతోని అన్నడో, తనతోని అన్నడో.
సంతకం దాక వచ్చి నా చెయ్యి ఆపిండు:
"తేదీ ఇప్పుడద్దు.
మిషిన్ బిగిచ్చిన్నాడు రాద్దువు."

తనిఖీ వాళ్లు వచ్చిండ్రు, గోడ ముంగట ఫోటో దిగిండ్రు,
కారు మర్లేసుకొని పోయిండ్రు.
వాళ్ల దుమ్ము అణగకముందే గొట్టం దగ్గింది.
బక్కయ్య తువ్వాల నెత్తికి చుట్టుకున్నడు.
రెండొద్దుల ఎండ కావాల్సిన వడియాలను
సగం పచ్చిగనే
చీరతోని చుట్టి లోపటికి తీసుకపోయింది ఓదెమ్మ.

ఇది నిరుటి ముచ్చట.
అటుకెల్లి పోయినప్పుడల్ల బండి సల్లగ చేస్త.
మాటలు ఏడూ ఉన్నయి, మాసిపోయి.
తేదీ జాగ ఖాళీగనే ఉన్నది.
ఖాళీ అంటే తెల్లగ అని కాదు.

మా ఇంట్ల పాత ఇంకు సీసల
ఆ నీలం రంగు కొంచెం దాచిన.
నెలకోసారి మూత తీసి
మీద మీగడ కట్టకుంట
నాలుగు చుక్కల టర్పెంటు పోస్త.
ఎనిమిది అంకెలకు
సరిపోతది.