కిటికీ కిందికి దిగిన సంవత్సరం

మార్చి ముప్పై ఒకటి.
రికార్డు గదిలో ఫ్యాను మూడో నంబరు మీదే తిరుగుతుంది,
మీట ఎటు తిప్పినా.
సూపరింటెండెంట్ మేడం తలుపు దగ్గరే నిలబడి అన్నది:
"రెండు పేజీలు చాలు విఠల్,
ఈ ఏడాది మన దవాఖానాలో ఏం బాగైందో రాయి."

రాస్తున్నాను.
ఓపీకి వచ్చినవాళ్లు అరవై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు.
కాన్పులు ఎనిమిది వందల ఏడు.
అందులో ఒకటి మా గేటుకు పది అడుగుల అవతల, ఆటోలో.
ఎవరి లెక్కలో వేయాలో తేలక రెండు రోజులు ఫైలు తిరిగింది.
చివరికి మాదే అన్నాం.
మిఠాయి మాత్రం ఆటో అతను పంచాడు.

ఎదురుచూపు: నిరుడు మూడు గంటలు, ఈ ఏడు యాభై నిమిషాలు.
ఈ వాక్యం రాయడానికి అర నిమిషం పట్టింది.
దీని వెనక గౌసియా బేగం ఉంది.
వారాసిగూడ గల్లీలోంచి తెల్లారగట్ల ఐదింటికే వచ్చి
వరసలో చెప్పులు విడిచి
తను మెట్ల మీద కూలబడేది.
చెప్పులు నిలబడేవి, మనిషి కూర్చునేది.
ఇప్పుడు చీటీ మీద టైం వేసి ఇస్తున్నాం.
మొదటి వారం ఆమె నమ్మలేదు.
చీటీ కొంగున ముడేసుకుని
చెప్పులు కూడా వరసలోనే పెట్టింది.

మందుల కిటికీ ఒక అడుగు కిందికి దించాం.
ఎవరూ అర్జీ పెట్టలేదు.
కంపౌండర్ మొగులయ్య కాలు విరిగి
నెల రోజులు చక్రాల కుర్చీలో వచ్చాడు.
చెయ్యి చాపితే తన కిటికీ తనకే అందలేదు,
లోపలున్న కుర్రాడు "ఎవరు పెద్దాయనా, కనబడతలేవు" అన్నాడు.
కట్టు విప్పిన మర్నాడే మేస్త్రీని పట్టుకొచ్చాడు.
ఫారంలో దీన్ని మౌలిక వసతులు అంటారు.
నేను "మొగులయ్య కాలు" అని రాసి
కొట్టేశాను.

కొత్త జనరేటరు, ఒకటి. నవంబరులో.

ఎందుకొచ్చింది అనే గడి ఈ ఫారంలో లేదు.
ఆగస్టు వాన రాత్రి, పదిహేడో మంచం మీద ఐలయ్య,
కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి దిగినవాడు.
బయట ఢాం అన్న చప్పుడు.
వార్డంతా చీకట్లో "అయ్యో" అంటే
ఆయన మాస్కు పక్కకు జరిపి చెప్పాడు:
"ఫీజు కాదు బిడ్డా, ట్రాన్స్‌ఫార్మర్. గంటన్నర అయితది."
ఉన్న ఒక్క సిలిండరు నలభై నిమిషాలు వచ్చింది.
తర్వాత సిస్టర్ ఫిలోమినా
చేతికందిన కేస్ షీటుతో విసురుతూ కూర్చుంది,
దానితో ఏమీ కాదని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.
లైట్లు సరిగ్గా గంటన్నరకే వచ్చాయి.
ఆయన లెక్క తప్పలేదు.

ఆ కేస్ షీటు ఇక్కడే, నా వెనక అరలో ఉంది.
విసిరిన మడతలు ఇంకా పోలేదు.
దాని మీద బరువైన రిజిస్టర్లు పెడదామనుకుంటాను,
పెట్టను.

శుక్రవారం శుక్రవారం నాలుగింటికి
ఎలక్ట్రీషియన్ కావాలని కరెంటు తీస్తాడు.
సిస్టర్ పదిహేడు పక్కన నిలబడి గడియారం చూస్తుంది.
ఇప్పుడక్కడ ఎవరో పచ్చకామెర్ల పిల్లోడు.
ఏడు సెకన్లు.
ఆ ఏడు సెకన్లూ ఆమె ఊపిరి తీసుకోదు, నేను చూశాను.

మేడం చదివింది.
"మూడు పేజీలైంది" అన్నది.
కొట్టేసిన మొగులయ్య కాలు దగ్గర కాసేపు ఆగి
దాని కింద చుక్కలు పెట్టి, ఉంచమన్నది.
ఐలయ్య పేజీకి ఏమీ అనలేదు.
మూడూ కలిపి పిన్ను కొట్టింది.

"వచ్చే ఏడు చేయాల్సినవి" అనే చోట ఖాళీ ఉంది.
ఎక్స్‌రే గది తలుపు, వీధి వైపు ర్యాంపు,
ఇంకో రెండు సిలిండర్లు, జనరేటరున్నా సరే.
ఆఖరున, నిరుడు రాసినట్టే,
రికార్డు గది ఫ్యాను.